అరిగిన మర – ఆరుపలకల కీ

వీణ మీద మెట్లు మైనంలో నిలిచి ఉంటాయి. స్వరస్థానం తప్పిన మెట్టును సరిచేయవలసి వస్తే ఆ మైనాన్ని మెత్తబరచి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, తిరిగి కుదురుస్తారు. తరతరాలుగా సాగుతున్న ఈ పనిలో మరకు గాని, మేకుకు గాని తావు లేదు. ఎలక్ట్రిక్ గిటారు సంగతి వేరు. అది వడ్రంగానికి ఎంత ఋణపడి ఉందో కర్మాగారానికీ అంతే ఋణపడి ఉంది. తంత్రుల ఎత్తు, వాటి పొడవు, మెడ వంపు – ఇవన్నీ అందులో మరల అధీనంలో ఉంటాయి. వాటిలో ఒక్కటి అరిగి తిరగడం మానితే, ఎంత విలువైన వాద్యమైనా వాదకుని మాట వినదు.

తంత్రులు ఆని ఉండే భాగాన్ని మన వైణికులు ‘గుర్రం’ అంటారు. ఇంగ్లీషువారు గిటారులోని ఆ భాగాన్ని వంతెన అని పిలిచి, దానిమీద తంత్రికొక ‘శాడిల్’ను, అంటే జీనును అమర్చారు. గుర్రం పేరు మనది, జీను పేరు వారిది! అమెరికాలో లియో ఫెండర్ రూపకల్పన చేయగా 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్ గిటారునే తీసుకుంటే, ఆరు తంత్రులకు ఆరు జీనులు, ఒక్కొక్క జీనుకు ఎత్తును సవరించే మరలు రెండేసి, వెరసి పన్నెండు ఉంటాయి. వీటికి తల ఉండదు. పైకొనలో ఆరుపలకల గుంట మాత్రమే ఉంటుంది.

పైకి కనిపించని ముఖ్యమైన మర మరొకటి ఉంది. సాధారణమైన తంత్రులు ఆరింటినీ శ్రుతి చేసినప్పుడు అవన్నీ కలిసి మెడను 45 కిలోలకు పైబడిన బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు కర్ర ముందుకు వంగకుండా మెడలోపల ‘ట్రస్ రాడ్’ అనే ఉక్కు కడ్డీని ఇముడుస్తారు. బిగువును సవరించుకోవడానికి వీలైన కడ్డీకి గిబ్సన్ సంస్థకు చెందిన థాడియస్ మెక్‌హ్యూ 1923లో పేటెంటు పొందాడు. ఆ కడ్డీ కొనన ఉండే నట్టును తిప్పడానికి చాలా గిటార్లలో ఆరుపలకల కీయే సాధనం.

ఈ రకపు మరలు వ్యాప్తిలోకి రావడానికి కారకులైనవారిలో హార్ట్‌ఫర్డ్ నగరవాసి విలియం అలెన్ ముఖ్యుడు. గుంట గల మరలను తయారుచేసే పద్ధతికి ఆయన 1910లో పేటెంటు పొందాడు. ఆయన పేరే కీకి నిలిచిపోయింది. మన మెకానిక్ షెడ్లలో ‘అలెన్ కీ’ కాస్తా ‘ఎల్.ఎన్. కీ’ అయి, అవేవో పొడి అక్షరాలనే భ్రమను కలిగిస్తూ ఉంటుంది.

గుంటలు అరగడానికి మొదటి కారణం కొలతల తేడా. అమెరికాలో తయారైన గిటార్లలో అంగుళాల లెక్క, ఆసియా దేశాలలో తయారైన వాటిలో ఎక్కువగా మిల్లీమీటర్ల లెక్క. అమెరికన్ స్ట్రాటోకాస్టర్ జీను మరకు పట్టే కీ 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు. ఆసియా గిటార్లలో అది సాధారణంగా 1.5 మిల్లీమీటర్లు. ఈ తేడా పెద్దది కనుక వెంటనే తెలుస్తుంది. మోసమంతా చిన్న తేడాలలోనే ఉంది. 1/8 అంగుళం గుంటలో 3 మిల్లీమీటర్ల కీ సునాయాసంగా దూరుతుంది. కొంత తిరుగుతుంది కూడా. కాని మధ్యలో 0.175 మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ వల్ల కీ పలకలు గుంట పలకలకు ఆనవు, అంచులు మాత్రమే ఆనుతాయి. బలమంతా సన్నని గీతల మీద పడి గుంట మూలలు చెదిరిపోతాయి. కీ అంచులూ గుండ్రబడతాయి. అరిగిన కీ అంతటితో ఊరుకోదు. బాగున్న తక్కిన పదకొండు మరలనూ అదే దారి పట్టిస్తుంది. దీనికి చేతి చెమటలోని ఉప్పు తోడవుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలోనైతే గాలే చాలు, తుప్పు పట్టడానికి.

కీ ఒకసారి జారిందంటే ఇంకొంచెం బలం ఉపయోగించాలనిపించడం సహజం. సగం మరలు పాడయ్యేది ఆ రెండవ ప్రయత్నంలోనే. ముందుగా గుంటను సూదిమొనతో శుభ్రం చేయాలి. పేరుకున్న మట్టీ తుప్పూ కీని అడుగుదాకా దిగనీయవు. తరువాత కీ కొనను వెలుతురులో పరిశీలించాలి. అంచులు గుండ్రబడి ఉంటే కొత్తది కొనవచ్చు, లేదా అరిగినంత మేర సానరాయి మీద అడ్డంగా అరగదీయవచ్చు. లోపలి నుంచి పదునైన అంచులు గల కొత్త కొన బయటపడుతుంది. అరగదీసేటప్పుడు మాటిమాటికీ నీటిలో ముంచాలి. కొన నీలిరంగు తిరిగిందంటే ఉక్కు మెత్తబడినట్లే.

అప్పటికీ తిరగకపోతే తంత్రులు తీసి, జీనును గుర్రం నుంచి విడదీయడం మేలు. తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క వేసి రాత్రంతా ఉంచితే చాలా మరలు లొంగుతాయి. లొంగని వాటికి వేడిచేసిన సోల్డరింగ్ ఐరన్ మొనను కొద్దిసేపు తాకించి చూడవచ్చు. ఇక మూలలు పూర్తిగా పోయిన గుంటలో, దానికంటె ఒక వెంట్రుకవాసి పెద్దదైన నక్షత్రాకారపు బిట్టును మెల్లగా తట్టి దించితే అది గోడలను కొరికి పట్టుకుంటుంది. సుత్తి ఉపయోగించేది బల్లమీది జీనుపైనే గాని, గిటారు మీద కాదు. ఇలా బయటికి వచ్చిన మర తిరిగి పనికిరాదు.

కొత్త మర ఎంపికలోనూ ఒక చిక్కు ఉంది. అమెరికన్ జీనుల మర అడ్డుకొలత 2.84 మిల్లీమీటర్లు, ఆసియా జీనులది 3 మిల్లీమీటర్లు. చుట్ల మధ్య దూరమూ వేరు. చూపుకు రెండూ ఒకటిగానే తోస్తాయి. ఒకదాని స్థానంలో మరొకదాన్ని బలవంతంగా ఎక్కిస్తే ఈసారి చెడేది మర కాదు, జీనే.

ట్రస్ రాడ్ నట్టు విషయంలో మాత్రం ఈ సాహసాలేవీ కూడవు. జీను పోతే మరో జీను దొరుకుతుంది. కడ్డీ మెట్లపలక కింద, జిగురుతో అతికిన కర్ర నడుమ ఉంటుంది. దాన్ని తిప్పేముందు తంత్రులను వదులు చేసి, సరిగ్గా పట్టే కీని అడుగంటా దించి, ఒక్కసారికి పావుచుట్టు మించకుండా తిప్పాలి. కీ జారినట్లనిపిస్తే అక్కడితో ఆపి, వాద్యాలను బాగుచేసే నిపుణుని వద్దకు తీసుకువెళ్లాలి. నట్టు విడిగా ఊడివచ్చే రకమైతే ఆయన దాన్ని మార్చగలడు. కడ్డీతో కలిపి అతికినదైతే మెట్లపలకనే లేవదీయవలసి రావచ్చు. చౌక గిటారుకు ఆ ఖర్చు దాని వెలను మించిపోతుంది. ఫెండర్ పద్ధతి గిటార్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వాటి మెడ సాధారణంగా నాలుగు మరలతో బిగించి ఉంటుంది కాబట్టి ఏ ఉపాయమూ పనిచేయనప్పుడు మెడనే మార్చుకోవచ్చు. మెడను మొండేనికి జిగురుతో అతికించే గిబ్సన్ పద్ధతి గిటార్లకు అది అంత సులభం కాదు. అనుభవజ్ఞులైన వాదకులు సరిపడే కీని మొదటిరోజే గుర్తించి, దాని కొలతను చీటీపై రాసి, కీతో సహా గిటారు పెట్టెలోనే ఉంచుకుంటారు.