అలిగిన అభిమానం కొట్టిన రికార్డులు

ఆటగాళ్ల మీద, కోచ్‌ల మీద హైదరాబాద్ జనం పెంచుకున్న కోపాల్లోనూ రికార్డులున్నాయి. అతి పొడవైనది ఉంది, అతి ఖరీదైనది ఉంది, నెల తిరిగేసరికి చల్లారినదీ ఉంది. ఉప్పల్ స్టేడియానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం ఫ్యాక్టరీల్లో ఈ లెక్కలు నోటికి చెప్పేవాళ్లు షిఫ్టుకు నలుగురైనా ఉంటారు. మ్యాచ్ ఉన్న రాత్రి క్యాంటీన్‌లో స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టిన ఒక్క ఫోన్ చుట్టూ పది తలకాయలు. సెకండ్ షిఫ్ట్ వదిలి కంపెనీ బస్సెక్కేలోపు ఎవర్ని తిట్టాలో తేలిపోతుంది. ఆ తిట్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి మాత్రం స్పష్టం: ఓడినవాణ్ణి మనోళ్లు ఏడాదిలో క్షమిస్తారు. మనవాణ్ణి పక్కన కూర్చోబెట్టినవాణ్ణి ఇరవై ఏళ్లయినా క్షమించరు.

అన్నిటికంటే పొడవైన కోపం 2003 ప్రపంచకప్‌ది. వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను తప్పించి దినేశ్ మోంగియాను తీసుకెళ్లారు. కెప్టెన్ సౌరవ్ గంగూలీ, కోచ్ జాన్ రైట్. ఫైనల్లో భారత్ 125 పరుగుల తేడాతో ఓడింది, అందులో మోంగియా చేసినవి 12. లక్ష్మణ్ జవాబు బ్యాటుతోనే వచ్చింది: 2004లో ఆస్ట్రేలియా గడ్డ మీద ముక్కోణపు సిరీస్‌లో 3 శతకాలు, ఆ మార్చిలోనే లాహోర్‌లో పాకిస్తాన్‌పై సిరీస్ తేల్చిన మ్యాచ్‌లో 107. మొత్తం 134 టెస్టులు, 86 వన్డేలు, ప్రపంచకప్ మ్యాచ్‌లు మాత్రం సున్నా! లక్ష్మణ్ తనతో మూడు నెలలు మాట్లాడలేదని గంగూలీయే తర్వాత చెప్పాడు. వాళ్లిద్దరూ ఎప్పుడో కలిసిపోయారు. గంగూలీ బోర్డు అధ్యక్షుడిగా ఉన్నప్పుడే లక్ష్మణ్ 2021లో జాతీయ క్రికెట్ అకాడమీ అధిపతి అయ్యాడు. మన అరుగుల మీద మాత్రం ఆ కేసు ఇంకా నడుస్తోంది.

అతి దగ్గరి కోపం 2019లో పుట్టింది. దూరం సున్నా కిలోమీటర్లు. జట్టులోంచి పోయిన అంబటి రాయుడిది గుంటూరే, తీసేసిన చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్‌దీ గుంటూరే. రాయుడు ఆడినవి 55 వన్డేలు, సగటు 47.05. ప్రసాద్ ఆడినవి 17 వన్డేలు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడని విజయ్ శంకర్‌ను ఎంచుకున్నారు. మర్నాడే రాయుడు, ప్రపంచకప్ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని ట్వీట్ పెట్టాడు. విజయ్ శంకర్ 3 మ్యాచ్‌ల్లో 58 పరుగులు చేసి గాయంతో వెనక్కొచ్చాడు. అప్పుడైనా రాయుడిని పిలిచారా? అప్పటిదాకా ఒక్క వన్డే ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జులై 3న రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు, ఆగస్టులో వెనక్కి తీసుకున్నాడు. ఐపీఎల్ కప్పులు మాత్రం ఆరు గెలిచాడు: ముంబయితో 3, చెన్నైతో 3.

ఒక్క మ్యాచ్‌తో పుట్టిన కోపాల్లో పెద్దది మిథాలీ రాజ్‌ది. 2018 నవంబరు 22, ఆంటిగ్వాలో టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్. అంతకుముందు పాకిస్తాన్‌పై 56, ఐర్లాండ్‌పై 51 కొట్టిన సికింద్రాబాద్ అమ్మాయి డగౌట్‌లో కూర్చుంది. భారత్ 112కే ఆలౌట్. ఇంగ్లండ్ 8 వికెట్లతో గెలిచింది. కోచ్ రమేశ్ పొవార్ మీద ఎంత గోల లేచిందంటే, నెలాఖరుతో ముగిసిన ఆయన ఒప్పందాన్ని బోర్డు పొడిగించలేదు. 2021లో మళ్లీ ఆయన్నే పిలిచారు. 23 ఏళ్ల కెరీర్‌లో 7,805 వన్డే పరుగులు చేసిన బ్యాటర్ ఆ 112ను బెంచీ మీంచి చూడాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక అసలు చాంపియన్ కోపం. డేవిడ్ వార్నర్‌ది.

ఆస్ట్రేలియా మనిషి, బుట్టబొమ్మ పాటకు స్టెప్పులేసి ఊరందరికీ చుట్టమయ్యాడు. 2016లో సన్‌రైజర్స్ కెప్టెన్‌గా 848 పరుగులు చేసి ఐపీఎల్ కప్పు తెచ్చాడు. 2015, 2017, 2019లో ఆరెంజ్ క్యాప్. హైదరాబాద్‌కు మొత్తం నాలుగు వేలకు పైగా పరుగులు. ఒక్కో పరుగుకు 22 గజాలు లెక్కేస్తే 80 కిలోమీటర్లు: పటాన్‌చెరులో బయల్దేరి ఉప్పల్ దాకా పోయి మళ్లీ ఇంటికొచ్చేంత దూరం!

ఆ మనిషిని 2021 మే 1న కెప్టెన్సీ నుంచి తీసేశారు. 2న జట్టులోంచే తీసేశారు. కోచ్ ట్రెవర్ బేలిస్, క్రికెట్ డైరెక్టర్ టామ్ మూడీ. బేలిస్ చిన్నవాడేం కాదు, 2019లో ఇంగ్లండ్‌కు వన్డే ప్రపంచకప్ తెచ్చిపెట్టిన కోచ్. అయినా ఆ సాయంత్రం టీవీలో కనిపించిన దృశ్యం ముందు ఆ ఘనతలేవీ నిలబడలేదు. కప్పు తెచ్చిన కెప్టెన్ నీళ్ల సీసాలు పట్టుకుని బౌండరీ దగ్గర పరుగులు తీస్తున్నాడు. సెప్టెంబరులో యూఏఈలో రెండు మ్యాచ్‌లు ఆడించారు: 0, 2. మళ్లీ బయటే. అప్పుడాయన స్టాండ్స్‌లోకి వెళ్లి హైదరాబాద్ జెండా ఊపుతూ కూర్చున్నాడు. జట్టు 14 మ్యాచ్‌ల్లో 3 గెలిచి, సన్‌రైజర్స్ చరిత్రలోనే తొలిసారి అట్టడుగున నిలిచింది.

2022 మే 5న ఢిల్లీ తరఫున మన మీదే 58 బంతుల్లో 92 నాటౌట్. చివరి ఓవర్లో శతకం కోసం చూసుకోకుండా అవతలి ఎండ్‌లోని పావెల్‌ను కొట్టుకోమన్నాడు. ఢిల్లీ 21 పరుగులతో గెలిచింది. 2023 ఏప్రిల్ 24న ఉప్పల్‌కే వచ్చాడు. మ్యాచ్‌కు ముందు పాత సహచరుడు భువనేశ్వర్ కుమార్ పాదాలు తాకాడు. తర్వాత 7 పరుగులతో గెలిచి గాల్లోకి ఎగిరి కేకలేశాడు. ఆ కేకను తప్పు పట్టిన హైదరాబాదీ నాకింతవరకూ ఎదురుపడలేదు.

ఖరీదుకొస్తే కిరీటం హ్యారీ బ్రూక్‌ది. 2023 సీజన్‌కు 13.25 కోట్లు పోసి కొన్నారు. 11 ఇన్నింగ్స్‌ల్లో 190 పరుగులు, పరుగు రేటు దాదాపు 7 లక్షలు. ఆ 190లో 100 ఒక్క రోజే వచ్చాయి, ఏప్రిల్ 14న ఈడెన్ గార్డెన్స్‌లో. మిగతా పది ఇన్నింగ్స్‌లూ కలిపి 90. ఆ శతకం రోజైనా మంచి మాట చెప్పాడా అంటే, తనను తిట్టిన అభిమానుల నోళ్లు మూయించినందుకు సంతోషంగా ఉందన్నాడు. ఆ మాటకు ముందు జనానికి ఉన్నది విసుగే, కోపం ఆ మాటతో మొదలైంది. ఏడాది తిరిగేసరికి జట్టు వదిలేసుకుంది.

నెమ్మది ఇన్నింగ్స్‌కు పడ్డ తిట్లలో అగ్రస్థానం మనీశ్ పాండేకు. 11 కోట్ల బ్యాటర్. 2021 ఏప్రిల్ 11న కోల్‌కతాపై లక్ష్యం 188. ఆఖరుదాకా నిలబడ్డాడు, 44 బంతుల్లో 61 చేశాడు, జట్టు 10 పరుగుల తేడాతో ఓడింది. అర్ధశతకం కొట్టి, అవుట్ కాకుండా ఉండి కూడా మాటలు పడ్డాడు.

అతి ప్రమాదకరమైన కోపం 2023 మే 13ది. థర్డ్ అంపైర్ నోబాల్ కాదనడంతో ఉప్పల్ గ్యాలరీ లఖ్‌నవూ డగౌట్ మీదికి తిరగబడింది. కోచింగ్ బృందంలో ఉన్న గౌతమ్ గంభీర్‌ను ఉడికించడానికి స్టేడియమంతా కోహ్లీ, కోహ్లీ అని అరుపులు. అక్కడితో ఆగినా బాగుండేది. నట్లు, బోల్టులు విసిరారని వార్తలొచ్చాయి. ఫీల్డింగ్ చేస్తున్న ప్రేరక్ మన్కడ్ తలకు తగిలిందని ఫీల్డింగ్ కోచ్ జాంటీ రోడ్స్ చెప్పాడు. లేత్ మిషన్ల మధ్య పనిచేసే మా వైపు బోల్టు తలకు తగిలితే ఏమవుతుందో పిల్లలకు కూడా తెలుసు. కోపంలో ఇది మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే. ఆ మన్కడే 64 నాటౌట్‌తో నిలబడి లఖ్‌నవూను గెలిపించాడు.

ఎత్తు నుంచి పడిన కోపాల్లో రంజీ జట్టుదే రికార్డు. 1994 జనవరి, సికింద్రాబాద్: ఆంధ్రపై హైదరాబాద్ 6 వికెట్లకు 944 డిక్లేర్డ్. రంజీల్లో అతి పెద్ద స్కోరు. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జైసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. 2010 నవంబరు, జైపూర్: రాజస్థాన్‌పై హైదరాబాద్ 21 ఆలౌట్. రంజీల్లో అతి చిన్న స్కోరు. తొలి మ్యాచ్ ఆడుతున్న దీపక్ చాహర్ 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. పెద్దదీ మనదే, చిన్నదీ మనదే! అలాంటి 21లు 45 పేరిస్తే 945, ఆ పాత స్కోరు కంటే ఒక్కటి ఎక్కువ.

కబడ్డీలో తెలుగు టైటాన్స్. ప్రొ కబడ్డీ 8, 9, 10 సీజన్లు, మొత్తం 66 మ్యాచ్‌లు, గెలిచినవి 5: 1, 2, 2. మూడుసార్లూ అడుగునే. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొన్నారు, అప్పటికి లీగ్‌లోనే రికార్డు ధర. గెలుపుకు 1.30 కోట్లు పడింది. తిట్లు పవన్‌కు తక్కువ, ఏటా మారిన కోచ్‌లకు ఎక్కువ. పటాన్‌చెరు పల్లెల్లో ఇప్పటికీ సాయంత్రం కూత వినిపిస్తుంది కదా, కబడ్డీలో ఓటమి ఇక్కడ ఇంట్లోవాళ్లు ఓడినట్టే ఉంటుంది.

ఫుట్‌బాల్‌లో అతి త్వరగా ఇంటికెళ్లిన కోచ్ ఇంగ్లండ్ మనిషి ఫిల్ బ్రౌన్. హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి సీజన్ మధ్యలోనే, 2020 జనవరిలో పంపేశారు. సీజన్ మొత్తంలో 18 మ్యాచ్‌లకు 2 విజయాలు. అదే జట్టు మనోలో మార్కెజ్ చేతుల్లో 2022 మార్చి 20న చాంపియన్. ఆయన 2023లో గోవా వెళ్లిపోయాక 22 మ్యాచ్‌లకు 1 గెలుపు. ఇక్కడ జనం కోపం కోచ్‌లను దాటి జీతాలివ్వని యాజమాన్యం మీదికి మళ్లింది. అది న్యాయమైన కోపం.

ఇప్పుడు త్వరగా చల్లారినవి చూద్దాం. 2008లో దక్కన్ చార్జర్స్ ఉప్పల్‌లో 7 మ్యాచ్‌లు ఆడి 7 ఓడింది. గెలిచిన రెండూ పరాయి ఊళ్లలోనే. ఉప్పల్ ఓటముల్లో ఏప్రిల్ 24ది మరీ చేదు. 13.5 లక్షల డాలర్ల ఆండ్రూ సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టాడు, జట్టు 214 చేసింది. ఆఖరి ఓవర్లో రాజస్థాన్‌కు 17 కావాలి. బంతి సైమండ్స్ చేతికే ఇచ్చారు. షేన్ వార్న్ వరసగా సిక్సర్లు లేపి ముగించాడు. ఒకే రాత్రి, ఒకే మనిషి: హీరో, దోషి. ఆ సీజన్ చివరి ఓటమి మే 27న. 2009 మే 24న, అంటే 362 రోజులకు, అదే జట్టు జోహన్నెస్‌బర్గ్‌లో 6 పరుగులతో కప్పు గెలిచింది. కోపం మాయం.

అంతకంటే వేగం ప్యాట్ కమిన్స్, ట్రావిస్ హెడ్‌లది. 2023 నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్లో హెడ్ 137 కొట్టి దేశమంతటినీ ఏడిపించాడు. డిసెంబరు 19న వేలంలో హైదరాబాద్ ఇద్దర్నీ కొంది: కమిన్స్ 20.5 కోట్లు, హెడ్ 6.8 కోట్లు. సరిగ్గా 30 రోజులు. ఏప్రిల్‌కల్లా హెడ్ 39 బంతుల్లో శతకం కొట్టాడు, జట్టు 287 చేసింది. ఢిల్లీలో 6 ఓవర్లకు 125! చివరికి చెన్నై ఫైనల్లో 113కే కుప్పకూలారు, ఐపీఎల్ ఫైనల్స్‌లోనే అతి తక్కువ. అయినా కమిన్స్‌ను పల్లెత్తు మాటన్నవాళ్లు మా బస్సులో లేరు. ఓడాడు, అంతే. మనవాణ్ణెవర్నీ అవమానించలేదుగా.

బ్యాడ్మింటన్‌లో కరోలినా మారిన్‌ది 135 రోజుల లెక్క. 2016 ఆగస్టు 19న రియోలో పి.వి. సింధు నుంచి స్వర్ణం లాక్కుంది, పాయింటు పాయింటుకూ కేకలేసి మరీ. 2017 జనవరి 1న గచ్చిబౌలిలో అదే సింధును 11-8, 12-14, 11-2తో ఓడించింది. ఈసారి ఒంటిమీద హైదరాబాద్ హంటర్స్ జెర్సీ. సింధు చెన్నై వైపు. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక స్టేడియం సతమతమైంది. ఏడాది తర్వాత హంటర్స్ అదే గచ్చిబౌలిలో టైటిల్ గెలిచింది.

విఠల్‌వాడి కుర్రాడు అజారుద్దీన్‌ది ఎక్కువసార్లు రంగు మారిన కోపం. తొలి 3 టెస్టుల్లో 3 శతకాలు, ఆ రికార్డు ఇంకెవరికీ లేదు. 1996 మార్చి 13న ఈడెన్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్లో టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకుని తిట్లు తిన్నాడు. 98/1 నుంచి భారత్ 120/8కి జారింది, ఆయన సున్నా. సీసాలు విసిరారు, కుర్చీలు తగలబెట్టారు, మ్యాచ్ శ్రీలంకకు ఇచ్చేశారు. ఎనిమిది నెలలకు అదే ఈడెన్‌లో దక్షిణాఫ్రికాపై 74 బంతుల్లో శతకం కొడితే అదే జనం లేచి నిలబడ్డారు. 2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణపై బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 2012 నవంబరు 8న హైకోర్టు అది చెల్లదంది. 99 టెస్టుల దగ్గరే లెక్క ఆగింది. వందో టెస్టు లేకపోవడం మీద మాత్రం ఆయన్ను తిట్టేవాళ్లూ, మెచ్చేవాళ్లూ ఒకేలా బాధపడతారు.

అన్నిటికంటే పెద్ద కోపం మనది కాదు, మనవాడి మీద పడింది. 1962 సెప్టెంబరు 4, జకార్తా, ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఊరు ఊరంతా భారత జట్టు మీద కక్ష కట్టింది. గ్యాలరీల్లో లక్ష మంది దాకా. జాతీయ గీతం వినిపించనివ్వని ఈలలు, కేకలు. అప్పుడు భారత్‌కు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు. మన బెంచీ మీద హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఒంట్లో క్యాన్సర్. మైదానంలో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాద్ ఆటగాడు యూసుఫ్ ఖాన్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కట్టుతోనే ఫార్వర్డ్‌గా ఆడాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. దక్షిణ కొరియాపై 2-1. రహీం 1963 జూన్ 11న పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత స్వర్ణం రాలేదు.