ఒకటో పేజీ పక్కన 12 ఎందుకుంటుంది?

ఇంట్లో 12 పేజీల న్యూస్ పేపర్ ఉంటే పై షీటు బయటికి లాగండి. 1 పక్కనే 12 ఉంటుంది. వెనక్కి తిప్పితే 2, 11. ఏ జత కూడినా 13, అంటే మొత్తం పేజీలకి ఒకటి ఎక్కువ. ఇది చిన్న ఫార్ములానే, కానీ మడతలు పెరిగితే బుర్ర తిరుగుతుంది.

ఒక ఏ4 కాగితాన్ని సగానికి, మళ్ళీ అడ్డంగా సగానికి మడవండి. కత్తిరించకుండా, మూలలు ఎత్తి చూస్తూ 1 నుంచి 8 దాకా నంబర్లు వేసి, ఇప్పుడు విప్పండి. ఒక వైపు 1, 8, 4, 5. రెండో వైపు 2, 7, 3, 6. పైగా సగం తలకిందులు! ఈ అమరికే ఇంపోజిషన్. మూడు మడతలైతే 16 పేజీలు, మన ప్రెస్‌ వాళ్ళు ఫారం అంటారే, అది.

వెబ్ ఆఫ్‌సెట్‌లో రీలు ఆగదు. కాగితం పరిగెడుతూనే రెండు వైపులా అచ్చవుతుంది. ఫార్మర్ అనే త్రికోణపు పలక మీదుగా జారి నిలువుగా మడత పడుతుంది, తర్వాత కట్ అయి అడ్డంగా మడత పడుతుంది. కాబట్టి ఏ పేజీ ఎక్కడుండాలో చెప్పేది మెషిన్ మడతే, మన సాఫ్ట్‌వేర్ కాదు. ప్లేట్ మీద ఒక్క పేజీ అటూ ఇటైనా, ఎవరో చూసి ఆపేలోపు వేల కాపీలు చెత్తే. అందుకే ముందు ఖాళీ కాగితం మడిచి డమ్మీ చేసుకుంటారు. నాకైతే అదే బెస్ట్ టెస్ట్ కేస్!

మీ కాలేజీ మ్యాగజైన్‌కి పీడీఎఫ్ మాత్రం వరుసగానే ఇవ్వండి, జతలు ప్రెస్ వాళ్ళే పేరుస్తారు. స్టేపుల్ బుక్ అయితే పేజీలు నాలుగుతో భాగించబడాలి. 50 వచ్చాయా? 52 చేయండి, ఆ రెండింట్లో ఫేర్‌వెల్ ఫొటోలు వేసేయండి.