అణుధూళి పైరులోకి ఎట్లా చేరుతుంది?

కొత్తగూడ: తెగులు వస్తే ఆకు చూసి పోల్చుకోవచ్చు. పురుగు పడితే కాయ చీల్చి చూడొచ్చు. అణుధార్మిక పదార్థం నేలలో కలిస్తే మాత్రం కంటికి కనపడదు, వాసన రాదు. పైరు పచ్చగానే ఉంటుంది. అందుకే అది ఏ దారిన వస్తుందో రైతు తెలుసుకోవాలి.

ఆకు దారి

1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ యూనియన్‌లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలింది. ఆ ధూళి గాలికి లేచి దేశాలు దాటింది. వాన కురిసిన చోట ఎక్కువగా దిగింది. ముందు ఆకులకూ గడ్డికీ అంటింది. అందులోని అయోడిన్-131 ఎనిమిది రోజులకొకసారి సగమవుతుంది. అయినా ఆ కొద్ది రోజుల్లోనే గడ్డి మేసిన ఆవుల పాలలోకి వచ్చి పిల్లల దాకా పోయింది. తర్వాతి ఏళ్లలో అక్కడి పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగాయి.

వేరు దారి

సీజియం-137 అట్లా తొందరగా పోదు. సగం కావడానికే 30 ఏళ్లు పడుతుంది. మొక్క దీన్ని పొటాష్ అనుకుని పీల్చుకుంటుంది. స్ట్రాన్షియం-90ని సున్నం అనుకుంటుంది. నేలలో పొటాష్ తక్కువుంటే సీజియం ఎక్కువగా ఎక్కుతుంది. బంకమట్టి దాన్ని పట్టి ఉంచుతుంది, ఇసుక నేల వదిలేస్తుంది.

2011లో జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత పొలాల్లో పైమట్టి సుమారు రెండు అంగుళాల మందాన గీకి తీశారు. వరికి పొటాష్ అదనంగా వేశారు. బియ్యంలో సీజియం తగ్గింది. ఇది చదివి మన దగ్గర ఎవరూ పొటాష్ బస్తాలు అదనంగా వేయనక్కర్లేదు. ఆ మందు ఆ జబ్బుకే.

ఆకు మీది ధూళి కడిగితే కొంత పోతుంది. వేరు ద్వారా లోపలికి పోయింది కడిగినా పోదు, ఉడికించినా పోదు.

మన దగ్గర నీటి దారి

చెర్నోబిల్ లాంటి ప్రమాదం తెలుగు నేల మీద జరగలేదు. మనకున్న భయం ఆకాశం నుంచి కాదు, బోరు నీటి నుంచి. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. 2012లో అక్కడి శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. ముడిరాయిని సోడా లవణాలతో శుద్ధి చేస్తారు. మిగిలిన బురదను కె.కె. కొట్టాల దగ్గర వ్యర్థాల చెరువులోకి పంపుతారు. యురేనియం తీసేశాక కూడా ఆ బురదలో రేడియం ఉంటుంది. అది సగం కావడానికి 1,600 ఏళ్లు కావాలి.

బోరు నీళ్లు చెడిపోయాయనీ, అరటి తోటలు ఎండిపోతున్నాయనీ చుట్టుపక్కల ఊళ్ల రైతులు మొర పెట్టుకున్నారు. తమ వల్ల కాదని గని సంస్థ చెబుతూ వచ్చింది. ఎవరి మాట నిజమైనా ఒకటి గుర్తుంచుకోవాలి. సోడా ఎక్కువైన నీళ్లు పారితే నేల కారుచౌడు అవుతుంది. ఆ క్షార నీటిలో యురేనియం సులువుగా కరిగి కదులుతుంది. మొక్కలోకి వచ్చినా ఎక్కువ భాగం వేళ్లలోనే ఆగుతుంది, కాయకు చేరేది తక్కువ. అసలు ముప్పు ఆ నీళ్లు తాగే మనుషులకూ పశువులకూ.

తెలంగాణలోనూ ఈ మాట వచ్చింది. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసింది.

రైతు ఏం చేయాలి?

* గనులూ, వ్యర్థాల చెరువులూ దగ్గరున్న ఊళ్లలో బోరు నీళ్లను ఏటా వానలకు ముందూ తర్వాతా పరీక్ష చేయించాలి.

* మామూలు భూసార పరీక్షలో చౌడు తేలుతుంది గానీ యురేనియం తేలదు. దానికి వేరే ప్రయోగశాల కావాలి. ఊరంతా కలిసి కలెక్టరుకూ కాలుష్య నియంత్రణ మండలికీ అర్జీ పెట్టి అడగాలి.

* తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాగితంలో ఆ అంకె చూసుకోవాలి. మించితే ఆ నీళ్లు తాగడం ఆపి, వేరే నీళ్లు అడగాలి.

* కారుచౌడుకు భూసార పరీక్షలో చెప్పిన మోతాదు జిప్సం వేయాలి. ఇది సోడాకు విరుగుడు, యురేనియానికి కాదు.

* పరీక్ష కాగితాలు పాసుపుస్తకంతో పాటు దాచుకోవాలి. రేపు నష్టపరిహారం అడగాల్సి వస్తే, నీళ్లు మొదట ఎట్లా ఉండేవో చెప్పేది ఆ కాగితమే.