తింటున్నా చిక్కిపోతున్న ఫెరెట్

కొడుకు దగ్గర ఉండడానికి అమెరికాలోని ఒహాయో రాష్ట్రం వెళ్ళిన ఒక పెద్దావిడ మాకు ఇలా రాశారు:

"మా మనవరాలు ఫెరెట్ అనే జంతువును పెంచుకుంటోంది. చూడటానికి మన ముంగిసలాగే ఉంటుంది. వయస్సు నాలుగేళ్ళు. కొడుకూ కోడలూ ఆఫీసుకు, పిల్ల స్కూలుకు వెళితే పగలంతా నాకది తోడు, దానికి నేను తోడు. నెల రోజులుగా అది చిక్కిపోతోంది. ఎత్తుకుంటే వెన్నెముక చేతికి తగులుతోంది. తిండి మానలేదు. విరేచనం ఒకరోజు ఆకుపచ్చగా, జిగటగా అవుతోంది. నిన్న, మొన్న నల్లగా అయింది. అరగడం లేదేమోనని పెరుగన్నం మెత్తగా పిసికి పెడుతున్నాను. వేసవిలో చిక్కడం మామూలేనని మా అబ్బాయి అంటాడు. పిల్ల మాత్రం ఏడుస్తోంది. ఏం చేయమంటారు?"

అమ్మగారూ, ముందుగా ఆ పెరుగన్నం ఈ పూట నుంచే ఆపండి. మీరు ప్రేమతోనే పెట్టారు. కాని మనకు పథ్యమైనది దానికి అపథ్యం. ఫెరెట్ ముంగిస జాతిది కాదు, నీటికుక్కకు దగ్గరి చుట్టం. పూర్తిగా మాంసాహారి. దాని ప్రేగు చాలా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది. అన్నంలోని పిండి పదార్థాన్నీ, పాలలోని చక్కెరనూ అరిగించుకునే శక్తి దానికి బహు తక్కువ.

వేసవి వల్లనేనా?

మీ అబ్బాయి మాటలో కొంత నిజముంది. ఫెరెట్లు చలికాలంలో కొవ్వు పట్టి, వేసవిలో బాగా తగ్గుతాయి. అయితే అలా తగ్గిన ఫెరెట్ హుషారుగా ఆడుతుంది, విరేచనం మామూలుగానే ఉంటుంది. బరువు తగ్గడంతోపాటు విరేచనం కూడా చెడితే అది ఋతువు చేసే పని కాదు, జబ్బే.

వయస్సు ఏం చెబుతుంది?

రెండేళ్ళలోపు ఫెరెట్ చిక్కిపోతే, రబ్బరు ముక్కో, స్పాంజి ముక్కో మింగిందేమోనని మొదట అనుమానించాలి. చెప్పులూ, బొమ్మలూ కొరకడం వాటికి సరదా. ఆ ముక్క ప్రేగులో అడ్డుపడితే ఆపరేషన్ తప్పదు.

మూడేళ్ళు దాటితే క్లోమగ్రంథిలో ఇన్సులినోమా అనే గడ్డ రావడం ఫెరెట్లలో సాధారణం. అది ఇన్సులిన్‌ను అతిగా తయారుచేయడం వల్ల రక్తంలో చక్కెర పడిపోతుంది. వెనుక కాళ్ళు తూలడం, శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, చొంగ కార్చడం, ముందుకాళ్ళతో మూతి గీరుకోవడం దీని గుర్తులు. అలా కనిపిస్తే కొంచెం తేనె చిగుళ్ళకు రాసి వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. లింఫోమా అనే క్యాన్సర్ మాత్రం ఏ వయస్సులోనైనా రావచ్చు.

విరేచనం ఏం చెబుతుంది?

ఆకుపచ్చగా, జిగటగా అయ్యే విరేచనాల జబ్బును 1993లో అమెరికా తూర్పు ప్రాంతంలో గుర్తించారు. దానికి కారణం ఫెరెట్లకు వచ్చే ఒక కరోనా వైరస్. ఇంటికి కొత్త ఫెరెట్ వచ్చిన కొద్ది రోజులకు పాతదానికి అంటుకోవడం తరచు చూస్తాం. వయస్సు మళ్ళినవాటికి బాధ ఎక్కువ. తగ్గిన తరువాత కూడా కొన్ని వారాలపాటు మలం కొర్రగింజలు కలిసినట్లు పడుతుంది. తిన్నది సరిగా ఒంటపట్టడం లేదనడానికి అదొక గుర్తు. అయితే ప్రేగు తొందరగా కదిలే ఏ జబ్బులోనైనా రంగు ఆకుపచ్చగా మారవచ్చు. కనుక రంగు చూసి పేరు పెట్టకూడదు.

నల్లగా, తారులాగా ఉంటే కడుపులో పుండుపడి రక్తం కారుతున్నదని అనుమానించాలి. పళ్ళు కొరకడం కడుపునొప్పికి గుర్తు. ఈ పుండ్లకు తరచు హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి కారణమవుతుంది. మనుషుల కడుపులో పుండు పుట్టించే సూక్ష్మజీవికి ఇది దాయాది. మనుషులలో దాన్ని కనుగొన్నందుకే మార్షల్, వారెన్ అనే శాస్త్రజ్ఞులకు 2005లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మొదటి దొంగతో కేసు మూయకండి

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆరోగ్యంగా ఉన్న ఫెరెట్లలో కూడా ఆ సూక్ష్మజీవి ఉంటుంది. పైగా మధ్య వయస్సు ఫెరెట్‌కు రెండు మూడు జబ్బులు కలిసి ఉండడం అరుదేమీ కాదు. ఒకటి దొరికింది కదా అని ఊరుకుంటే అసలుది లోపల పెరుగుతూనే ఉంటుంది. అందుకే పరీక్షలు వరుసగా చేయించాలి.

మొదట పరాన్నజీవుల కోసం మలపరీక్ష. తరువాత రక్తపరీక్ష, చక్కెర పరీక్ష. చక్కెర మామూలుగా 90 నుంచి 120 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. 60కి దిగితే ఇన్సులినోమా అనుమానం బలపడుతుంది. ఈ పరీక్ష కోసం మనుషులలాగా రాత్రంతా పస్తు పెట్టడం ప్రమాదం. డాక్టరు చెప్పిన కొద్ది గంటలు చాలు. ఆ పైన ఎక్స్‌రే, అల్ట్రాసౌండు. వీటితోనూ తేలకపోతే ప్రేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. దీర్ఘకాలపు ప్రేగువాపూ, లింఫోమా పైకి ఒకేలాగా ఉంటాయి, చికిత్స మాత్రం వేరు. ముక్క పరీక్ష కాకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే లింఫోమా గుర్తులు మరుగున పడే ప్రమాదం ఉంది. ఈ సంగతి డాక్టరును తప్పక అడగండి.

ఇంట్లో మీరు చేయవలసినవి

* వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. బాగుపడ్డాక వారానికి ఒకసారి చాలు.
* తిన్నది, విరేచనం రంగు, వాంతులు పుస్తకంలో రాయండి. వీలైతే తాజా మలం చిన్న డబ్బాలో తీసుకువెళ్ళండి.
* అలవాటైన తిండినే గోరువెచ్చని నీటిలో నానబెట్టి మూడు నాలుగు గంటలకొకసారి కొంచెం కొంచెంగా పెట్టండి. మీది మాంసం ముట్టని ఇల్లయినా పరవాలేదు, ఫెరెట్ల కోసం తయారుచేసిన తిండి దుకాణంలో దొరుకుతుంది.
* పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ వంటి మన మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు. ప్రాణం మీదికి వస్తుంది.

నల్లని విరేచనం, ఆగని వాంతులు, పూటంతా తిండి ముట్టకపోవడం, కాళ్ళు తూలడం, మూర్ఛ - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే వైద్యం అందాలి. కుక్కలనూ పిల్లులనూ చూసే వారందరికీ ఫెరెట్ వైద్యం అలవాటు ఉండదు. దానిలో అనుభవం ఉన్నవారెవరో ఫోనులో ముందే కనుక్కోండి.

మనవరాలికి అబద్ధం చెప్పకండి. పుండు మందులతో మానుతుంది. వైరస్ జబ్బు నుంచి చాలా ఫెరెట్లు తేరుకుంటాయి. ఇన్సులినోమాను మందులతోనో ఆపరేషన్‌తోనో కొంతకాలం అదుపులో ఉంచవచ్చు. లింఫోమా అయితే మిగిలిన రోజులు బాధ లేకుండా గడిచేలా చూడవచ్చు. ఏదైనా ముందు పేరు తెలియాలి.

మీ చేతికి తగిలిన ఆ వెన్నెముకే మొదటి పరీక్ష, అమ్మగారూ. ఇంట్లో ఎవరూ గమనించనిది మీరు గమనించారు. నల్లని విరేచనం కూడా చూశారు కనుక శనివారం దాకా ఆగవద్దు. అబ్బాయిని ఇవాళే సెలవు పెట్టమనండి.