పార్కింగ్ రుసుము... ఎందుకీ రుసరుస?

కొన్నది వంద రూపాయల సరుకు. బండి నిలిపినందుకు ముప్పై. 'ఇదేం లెక్క?' అని అడిగేలోపే వెనుక నుంచి హారన్లు. చేసేది లేక జేబులో చెయ్యి పెడతాం. ఇంటికెళ్లేదాకా మనసులో గొణుక్కుంటాం. నిజానికి ఆ ముప్పై ఇవ్వాలా? ఇవ్వక్కర్లేకపోతే ఎవరిని, ఎలా అడగాలి?

ఆదివారం సాయంత్రం. హైదరాబాద్‌లో ఓ షాపింగ్ మాల్. సెల్లార్‌లోంచి కార్లు ఒకదాని వెనుక ఒకటి మెల్లగా పైకి వస్తున్నాయి. గేటు దగ్గర ఓ కారు ఆగింది. ముందు సీట్లో దంపతులు, వెనుక ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి. స్కూలు ప్రాజెక్టుకి చార్టులు, రంగు పెన్సిళ్లు కొనుక్కుని ఇంటికి బయల్దేరారు.

'ముప్పై ఇవ్వండి సార్' అన్నాడు గేటు దగ్గరి కుర్రాడు.

'ఎందుకు బాబూ? మేమొచ్చి అరగంట కూడా కాలేదు. కొన్నదానికి బిల్లు కూడా ఉంది.'

'నాకు తెల్వదు సార్. తీసుకొమ్మన్నరు, తీసుకుంటున్న.'

వెనుక హారన్ మోగింది. దాని వెనుక ఇంకొకటి. 'పోనివ్వండి, ముప్పై రూపాయలకి ఇంత రాద్ధాంతం ఎందుకు?' అంది భార్య. ఆయన డబ్బులిచ్చేశారు. గేటు లేచింది. చేతికి రసీదు రాలేదు. రోడ్డెక్కాక వెనుక సీట్లోంచి ఓ ప్రశ్న వచ్చింది.

'ఇవ్వక్కర్లేదని నీకు తెలుసు కదా నాన్నా... మరెందుకిచ్చావ్?'

ఆయన దగ్గర జవాబు లేదు.

కారు ఉన్న కుటుంబాల్లో, స్కూటరున్న కుటుంబాల్లో ఈ అనుభవం లేనివాళ్లు అరుదు. అన్యాయంగా అడిగే రుసుముకి అసలు బలం అడ్డంగా ఉన్న గేటు కాదు... మన తొందర. వెనకవాళ్ల విసుగు. 'ముప్పై రూపాయలకి గొడవా?' అన్న మొహమాటం. ఒక్కొక్కరికీ అది ముప్పయ్యే. వసూలు చేసేవారికి మాత్రం చుక్కాచుక్కా కలిసి చెరువవుతుంది.

చోటు ఎవరిది?

'స్థలం మాది. బండి పెట్టుకున్నందుకు డబ్బులడిగితే తప్పేంటి?' యాజమాన్యాలు తరచూ చెప్పే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మాల్ కట్టేటప్పుడే ఓ షరతుంది. వచ్చే జనం బండ్లు రోడ్డు మీద నిలిచిపోకుండా, కట్టే విస్తీర్ణాన్ని బట్టి ఇంత చోటు పార్కింగ్‌కి వదలాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవోలోనూ ఈ లెక్కలున్నాయి. అంటే, ఆ సెల్లార్ యజమాని మనకి దయతో ఇచ్చింది కాదు. అది చూపించాకే ఆయన భవనానికి అనుమతి వచ్చింది.

మరి అక్కడ రుసుము తీసుకోవచ్చా? దీనిమీద దేశమంతటా ఒకే మాట లేదు. మాల్స్, మల్టీప్లెక్సులు పార్కింగ్ రుసుము వసూలు చేయకూడదని గుజరాత్ హైకోర్టు 2019 జులైలో తీర్పునిచ్చింది. కేరళ హైకోర్టు డివిజన్ బెంచి 2025లో మరో దారి పట్టింది. పార్కింగ్ చోటు చూపించడం తప్పనిసరే గానీ, నిబంధనల ప్రకారం లైసెన్సు తీసుకుని రుసుము వసూలు చేసుకోవడాన్ని కాదనలేమంది. కాబట్టి 'అక్కడ ఫ్రీ కదా, ఇక్కడెందుకు కాదు?' అని వాదిస్తే లాభం లేదు. మన ఊళ్లో ఏ నిబంధన ఉందో తెలుసుకోవాలి.

అరగంట... గంట... ఆ తర్వాత

తెలంగాణ ప్రభుత్వం మధ్యేమార్గం ఎంచుకుంది. 2018 మార్చిలో 63వ నంబరు జీవో తెచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వచ్చిన ఈ నిబంధనలో మూడే మెట్లున్నాయి.

మొదటి అరగంట: ఏమీ కొనకపోయినా రుసుము లేదు. ఎవరినో దించడానికి వచ్చినా, నచ్చక తిరిగి వెళ్లిపోతున్నా సరే.

అరగంట దాటి గంటలోపు: ఆ భవనంలో ఏదైనా కొన్నట్టు బిల్లు చూపిస్తే రుసుము లేదు. బిల్లు ఎంతన్నది ప్రశ్న కాదు. చూపించలేకపోతే రుసుము కట్టాలి.

గంట దాటితే: బిల్లు గానీ సినిమా టికెట్టు గానీ పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువ మొత్తానికి ఉంటే కట్టక్కర్లేదు. తక్కువైతే కట్టాల్సిందే.

లెక్క కట్టి చూద్దాం. అయిదూ పదికి లోపలికెళ్లి అయిదూ ముప్పై ఆరుకి బయటికొచ్చారు. ఇరవై ఆరు నిమిషాలు. వట్టి చేతులతో వచ్చినా పైసా ఇవ్వక్కర్లేదు. యాభై నిమిషాలుండి నలభై రూపాయల పెన్ను కొన్నారు. ఆ బిల్లు చాలు. మూడు గంటల సినిమాకి నాలుగు టికెట్లు కొన్నారు. పార్కింగ్ అరవై అన్నారు. టికెట్ల ధర అంతకన్నా ఎక్కువే కాబట్టి అదీ అక్కర్లేదు. గంటా నలభై నిమిషాలు గడిపి, ఇరవై రూపాయల టీ తాగారు. రుసుము ముప్పై. ఇక్కడ మాత్రం కట్టడం న్యాయం. అడగడానికి వెళ్లేముందు మన లెక్క సరిగా ఉండాలన్నది మొదటి పాఠం.

ఇంకో సంగతి. ఈ సౌకర్యం ఒకే తెర ఉన్న పాత థియేటర్లకి వర్తించదు. అవి పార్కింగ్ రుసుము తీసుకోవచ్చని ప్రభుత్వం 2021 జులైలో అనుమతించింది. మాల్స్, మల్టీప్లెక్సులకి మాత్రం పాత నిబంధనే కొనసాగింది.

ఆ చిన్న కాగితమే సాక్షి

రుసుము తీసుకున్నా తీసుకోకపోయినా పార్కింగ్ చీటీ ఇవ్వాలనీ, దానిమీద 'చెల్లించారు' అనో 'మినహాయింపు' అనో ముద్ర వేయాలనీ హైదరాబాద్ నగరపాలక సంస్థ మాల్స్‌కి చెప్పింది. చాలామంది ఆ ముద్ర సంగతే పట్టించుకోరు. చీటీ గేటు దగ్గర ఇచ్చేసి వచ్చేస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఎప్పుడొచ్చాం, ఎప్పుడెళ్లాం, ఎంతిచ్చాం... దేనికీ రుజువుండదు.

వినియోగదారుల రక్షణ చట్టం-2019 ఇక్కడ అండగా ఉంటుంది. డబ్బు తీసుకుని బిల్లు, రసీదు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానం. అంటే అడిగిన రుసుము న్యాయమైనదైనా సరే, రసీదు ఇవ్వకపోవడం మాత్రం తప్పే. నగదు ఇస్తే చీటీ అడగండి. ఫోనుతో చెల్లిస్తే డబ్బు ఎవరి ఖాతాకి వెళ్లిందో చూడండి. సంస్థ పేరుకి బదులు ఎవరిదో సొంత పేరు కనిపిస్తే అక్కడే ఆగి అడగాలి. ఫాస్టాగ్‌లోంచి పొరపాటున డబ్బు కోసేస్తే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకి ఫిర్యాదు చేయొచ్చు.

టోకెన్ పోతే 'జరిమానా'?

'టోకెన్ పోగొట్టుకుంటే అయిదు వందలు జరిమానా' అన్న బోర్డు చూసి గుండె గుభేలుమంటుంది. సిగ్నల్ దాటితే జరిమానా వేసే అధికారం పోలీసులకి చట్టం ఇచ్చింది. ప్రైవేటు సంస్థకి అలాంటి అధికారం లేదు. బోర్డు మీద ఏ పేరు రాసినా, అది ఒప్పందం ప్రకారం అడిగే పరిహారమే అవుతుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, ముందే రాసుకున్న మొత్తం ఎంతున్నా దక్కేది సమంజసమైన పరిహారమే. రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే.

అయితే టోకెన్ అడగడంలో మన మేలు కూడా ఉంది. అది లేకుండా ఎవరు పడితే వారు బండి తీసుకెళ్లకూడదు కదా! టోకెన్ పోతే ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపించి బండి మనదేనని రుజువు చేయాలి. కెమెరాలో లోపలికొచ్చిన సమయం చూడమనాలి. ఎంతసేపు ఉన్నామో తేలితే ఎంత కట్టాలో కూడా తేలుతుంది.

'మాకు బాధ్యత లేదు' అంటే చెల్లుతుందా?

రుసుము తీసుకునే చీటీ వెనుకే సన్నని అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంటుంది. 'వాహనం యజమాని బాధ్యతపైనే నిలపాలి.' డబ్బు వాళ్లది, బాధ్యత మనది!

1998 ఆగస్టులో ఢిల్లీలోని ఓ పెద్ద హోటల్‌కి వెళ్లిన అతిథి, కారు తాళం అక్కడి సిబ్బందికి ఇచ్చి లోపలికెళ్లారు. అర్ధరాత్రి దాటాక బయటికొస్తే కారు లేదు. వేరెవరో తీసుకుపోయారు. చీటీ మీద రాసిన షరతు చూపించి హోటల్ తప్పుకోజూసింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాళం తీసుకుని బండిని స్వాధీనంలోకి తెచ్చుకున్నాక, సరైన జాగ్రత్త తీసుకున్నామని హోటలే చూపాలనీ, చీటీ మీద రాసిన వాక్యంతో నిర్లక్ష్యం మాసిపోదనీ 2019 నవంబరులో కోర్టు తేల్చింది. కారు పోయిన ఇరవై ఒక్కేళ్లకి వచ్చిన తీర్పది. తాళం మనమే పెట్టుకుని మనమే నిలుపుకున్న బండి సంగతి వేరు. తాళం చేతికిచ్చేటప్పుడు మాత్రం ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

అరవకుండా అడగడం ఎలా?

గేటు దగ్గరి కుర్రాడు నెల జీతానికి నిలబడ్డవాడు. రేటు పెట్టింది అతను కాదు. వచ్చింది తక్కువైతే సంజాయిషీ చెప్పాల్సింది మాత్రం అతనే. అతని మీద కేకలేస్తే మన కోపం తీరుతుందేమో గానీ, వసూలు ఆగదు.

* ముందుగా రేట్ల బోర్డుని, చీటీని, బిల్లుని ఫొటో తీసుకోండి. చీటీ మీద సమయం కనిపించాలి.
* కారు కొంచెం పక్కకి తీసి, మేనేజరుని పిలవమనండి. 'ఏ నిబంధన ప్రకారం?' అన్న ఒక్క ప్రశ్న వేయండి. చాలాచోట్ల విషయం ఇక్కడే తేలిపోతుంది.
* తేలకపోతే, పిల్లలతో ఉండి ఇబ్బందనిపిస్తే డబ్బిచ్చి రసీదు తీసుకోండి. కట్టేసినంత మాత్రాన అడిగే హక్కు పోదు. దారికడ్డం పడి బెదిరిస్తే 112కి ఫోన్ చేయండి.
* ఇంటికొచ్చాక యాజమాన్యానికి ఓ ఉత్తరం రాయండి. తేదీ, సమయం, బండి నంబరు, కట్టిన మొత్తం, కావాల్సిన పరిష్కారం... ఒక్క పేజీ చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఓ ప్రతిని నగరపాలక సంస్థకి పంపండి.
* జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వాళ్లు ఫిర్యాదు నమోదు చేసుకుని సంస్థతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు.
* చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. సంఘటన జరిగిన రెండేళ్లలోగా వెళ్లాలి. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపుంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంట్లోంచే దాఖలు చేసుకోవచ్చు.

ముప్పై రూపాయల కోసం కమిషన్ దాకానా అంటే... అందరూ వెళ్లక్కర్లేదు. కానీ వెళ్లేవాళ్లు కొందరుంటారని తెలిస్తేనే గేటు దగ్గర లెక్క మారుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం కింద హైదరాబాద్ వాసికీ, విజయవాడ వాసికీ ఉన్న హక్కు ఒకటే. 1915 ఇద్దరికీ పలుకుతుంది.

మళ్లీ ఆ గేటు దగ్గరికి...

మరో ఆదివారం. అదే కారు, అదే సెల్లార్. ఈసారి వెనుక సీట్లో అమ్మాయి చేతిలో బిల్లు, చీటీ సిద్ధంగా ఉన్నాయి. 'ముప్పై సార్' అన్నాడు కుర్రాడు. ఆయన గొంతు పెంచలేదు. 'ఇరవై రెండు నిమిషాలే అయింది బాబూ. చీటీ మీద మినహాయింపు ముద్ర వేసివ్వు. నీకు ఇబ్బందైతే మేనేజరుని పిలువు. నేను పక్కన పెట్టుకుంటాను' అన్నారు. వెనుక హారన్ మోగింది. కారు పక్కకి జరిగింది. వెనకవాళ్లు వెళ్లిపోయారు. అయిదు నిమిషాలకి మేనేజరు వచ్చారు. చీటీ చూశారు. ముద్ర పడింది.

ఆ కుటుంబానికి మిగిలింది ముప్పై రూపాయలు. ఖర్చయింది అయిదు నిమిషాలు. వెనుక సీట్లోంచి ఈసారి ప్రశ్న రాలేదు. ఆ చీటీ మాత్రం అమ్మాయి స్కూలు బ్యాగులోకి చేరింది.