పదకొండు గంటల వేళ పొలాస మడిలో

పొద్దెక్కి పదిన్నర దాటాక వరిమడిలో ఒక పని మొదలవుతుంది. ఈనిన కంకిలో పూవు తన రెండు పొట్టు రేకులను విప్పుకుంటుంది. ఆరు కేసరాలు బయటికి వేలాడతాయి. దాన్నే మన రైతులు సుంకు అంటారు. గంటసేపటికి పూవు మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. ఆ కాస్త వ్యవధిలో పుప్పొడి కీలాగ్రాన్ని చేరితే వడ్లగింజ, చేరకుంటే తాలు.

జగిత్యాలను వడ్లు, మామిడితో, కోరుట్లను పసుపుతో, సిరిసిల్లను మరమగ్గాలతో గుర్తుపెట్టుకుంటాం. ఫలదీకరణ శాస్త్రం అనగానే ఈ ఊళ్లు ఎవరికీ తట్టవు. తట్టాలి. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం, కళాశాల ఉన్నాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్ల దగ్గర మరో వ్యవసాయ కళాశాల. ఈ శాస్త్రం మీద పెద్ద సదస్సులు ఎక్కడెక్కడో జరుగుతుంటాయి. దాని బాగోగులు తేలేది మాత్రం ఇక్కడి మడిలో, కొట్టంలో.

వరిది తనలో తాను చేసుకునే పెళ్లి. ఆ పెళ్లిని ఆపి బయటి సంబంధం కుదర్చడం వంగడాలు తయారుచేసేవారి విద్య. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే పూల కొసలు కత్తిరించి, ఆరు కేసరాలనూ పట్టకారుతో తీసేస్తారు. కంకికి కాగితం సంచి తొడుగుతారు. మర్నాడు ఎండ కాస్త ముదిరాక, తండ్రిగా ఎంచుకున్న రకం కంకిని తెచ్చి దాని మీద దులుపుతారు. పుప్పొడి బతికేది కొద్ది నిమిషాలే కాబట్టి చెయ్యి వడిగా ఆడాలి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి సన్నగింజ ఉంది, ఉల్లికోడు పురుగును తట్టుకునే శక్తి లేదు. వరంగల్‌లో పుట్టిన కావ్య రకానికి ఆ శక్తి ఉంది. ఆ రెంటినీ కలిపితే పొలాసలో పుట్టిన బిడ్డే జగిత్యాల సన్నాలు, జేజీఎల్ 1798. ఆ సన్నబియ్యం తిన్నవాళ్లలో ఎంతమందికి ఆ కాగితం సంచి సంగతి తెలుసు?

కీలాగ్రం మీద పడిన పుప్పొడి రేణువు సన్నని గొట్టంలా మొలిచి అండాశయంలోకి దిగుతుంది. తనతో రెండు పురుష బీజాలను తీసుకెళ్తుంది. ఒకటి అండంతో కలిసి మొలక అవుతుంది. రెండోది పక్కనున్న రెండు కేంద్రకాలతో కలిసి, ఆ మొలకకు తిండి అయిన అంకురచ్ఛదాన్ని కడుతుంది. ఈ జంట కలయికను లిల్లీ జాతి పూలలో గమనించి, 1898లో కీవ్ నగరంలో జరిగిన శాస్త్రవేత్తల సభలో సెర్గీ నవాషిన్ చెప్పాడు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో గిన్యార్ కూడా అదే చూపించాడు. మన కంచంలోని తెల్లన్నం ఆ రెండో కలయిక ఫలం. మొదటి కలయికతో పుట్టిన మొలక మిల్లులో తవుడుతో పాటే పోతుంది. నాకు ఈ శాస్త్రం మొత్తంలో ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి లేదు.

పూత వేళ ఎండ 35 డిగ్రీలు దాటితే కేసరాలు సరిగా పగలవు, పుప్పొడి రాలదు. యాసంగి నాట్లు ఆలస్యమై పూత మండుటెండల్లో పడితే తాలు ఎక్కువయ్యేది అందుకే. కొనుగోలు కేంద్రంలో తాలు పేరిట తరుగు తీస్తున్నప్పుడు రైతు పడే బాధకు మూలం, నెల కిందటి ఒక మధ్యాహ్నం వేడిలో ఉంటుంది.

కోరుట్ల దారిలో పసుపు చేలు. పసుపు పూస్తుంది, కానీ దాని క్రోమోజోములు మూడేసి చొప్పున ఉండటంతో సరిగా జతపడవు, సాధారణంగా విత్తనం కట్టదు. అందుకే కొమ్ములే విత్తనం. కొమ్ము నుంచి వచ్చే మొక్క తల్లిలాగే ఉంటుంది. అలాగే తల్లి మొక్క గుణాలను మారకుండా విత్తనంలోనే నిలిపే దారి కోసం హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఇమ్రాన్ సిద్దిఖీ బృందం పనిచేసింది. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద చేసిన ఆ పరిశోధన 2008, 2011లలో లోకానికి తెలిసింది. వరిలో అది నిలదొక్కుకుంటే, రైతు ఏటేటా హైబ్రిడ్ విత్తనం కొనాల్సిన పని తప్పుతుంది.

కోరుట్లలో నేర్పే పశువైద్యానికి కొట్టంలో పరీక్ష. బర్రెకు మూగ ఎద ఎక్కువ. అరవదు, తెలియదు, 21 రోజులు వృథా. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున కృత్రిమ గర్భధారణ సూది వేయించాలని డాక్టర్లు చెబుతారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వ ఉన్న వీర్యం ఎంత మేలైనదైనా, వేళ తప్పితే బర్రె సూడి కట్టదు.

సిరిసిల్ల మగ్గాల మీద ఇప్పుడు పాలిస్టరే ఎక్కువ. అయినా పత్తి పోగు సంగతి అక్కడే చెప్పాలి. పత్తి పూసిన రోజే గింజపై పొర మీద పోగు మొలుస్తుంది. ఒక్కో పోగూ ఒకే ఒక్క కణం. ఫలదీకరణ జరగని గింజ మీద అది ఎదగదు.

వరి సుంకు మీదున్న రోజుల్లో పొద్దుటి పూట మందు కొట్టకండి. తప్పనిసరైతే, పూలన్నీ మూసుకున్నాక సాయంత్రం కొట్టండి.