క్రీము కేకు రాత్రంతా బయట ఉంటే తినవచ్చా?

శనివారం సాయంత్రం బాబు మొదటి పుట్టినరోజు కృతజ్ఞత కూడిక. ఆదివారం ఉదయం చూస్తే సగం కేకు అట్టపెట్టెలోనే బల్లమీద ఉంటుంది. డబ్బు పోసి కొన్నది కదా, పారవేయడానికి మనసు రాదు. వాసన చూస్తారు, బాగానే ఉందంటారు, పిల్లలకు తలో ముక్క పెట్టి గుడికి బయలుదేరతారు. ఇలా తినవచ్చా అని మా ఓ.పి.లో అడిగేవారున్నారు. తిన్న తరువాత వాంతులతో వచ్చి అడిగేవారూ ఉన్నారు.

అది ఏ కేకో ముందు చూడాలి. క్రిస్మస్‌కు చేసుకునే ప్లమ్ కేకు, క్రీము లేని మామూలు కేకు మూతపెట్టి ఉంచితే రెండు మూడు రోజులు బయట ఉన్నా భయం లేదు. మన తేమగాలికి బూజు పడితే మాత్రం పారవేయండి. వెన్న లేదా వనస్పతిలో పంచదార పొడి బాగా దట్టించి చేసే పాతకాలపు గట్టి ఐసింగ్ కూడా చల్లని గదిలో ఒక రోజు ఆగుతుంది. పంచదార నీటిని పట్టి ఉంచుతుంది కనుక సూక్ష్మక్రిములకు తడి అందదు. తాపేశ్వరం కాజాలు ఫ్రిజ్ లేకుండానే నిలవ ఉండేది ఇందువల్లనే.

ఇప్పుడు బేకరీల్లో ఎక్కువగా దొరికే కూల్ కేకు సంగతి వేరు. ఆ మెత్తని క్రీములో నీరు ఎక్కువ, తీపి తక్కువ. పాలక్రీము అయినా, నూనెకొవ్వుతో చేసినదైనా ఇంతే. పైన పండ్ల ముక్కలుంటే మరింత జాగ్రత్త. గుడ్డు లేనిది కొన్నాం కాబట్టి ఫరవాలేదు అనుకోవడం పొరపాటు.

ఓవెన్ వేడికి కేకులోని క్రిములు చాలావరకు చస్తాయి. క్రీము మాత్రం ఆ తరువాత చేతితో పూసేది. మనలో చాలామంది ముక్కులోను, చర్మంమీద, చీముపట్టిన పుండ్లలోను స్టెఫైలోకాకస్ అనే క్రిమి ఉంటుంది. కోసేవారి చేతినుంచి, ఒకరి నోట ఒకరు పెట్టే వేళ్ళనుంచి అది క్రీములో చేరుతుంది. వెచ్చగా ఉంటే గంటల్లో పెరిగి విషాన్ని తయారు చేస్తుంది. 1930లో చికాగోలో డాక్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ విషాన్ని గుర్తించింది క్రీము పెట్టిన కేకులోనే. ఈ విషానికి రంగు లేదు, వాసన లేదు. మరిగించినా పోదు. కాబట్టి రాత్రంతా బయట ఉన్న కేకును తెల్లవారి ఫ్రిజ్‌లో పెట్టినా, వేడి చేసినా లాభం లేదు.

కూల్ కేకు ఫ్రిజ్ బయట మొత్తం రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండల్లో ఒక గంటే. ఈ లెక్క బేకరీలోనే మొదలవుతుంది. అమలాపురంలో కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకొని ఊరు చేరేసరికే గంట. తరువాత పాటలు, వాక్యం, ప్రార్థన, రావలసిన మేనమామ కోసం ఎదురుచూపు. (పాస్టరుగారిని తొందరపెట్టమని మేము చెప్పడం లేదు. ప్రార్థన అయ్యాకే కేకును ఫ్రిజ్‌లోనుంచి తీయండి, చాలు.) డిసెంబరు చలి సరిపోతుందనుకోవద్దు. క్రిములు పెరగకుండా ఆపడానికి 5 డిగ్రీల లోపు చల్లదనం కావాలి, మన ఇళ్ళల్లో క్రిస్మస్ రాత్రి కూడా అంత చలి ఉండదు. కరెంటు పోతే, తలుపు తెరవకుండా ఉంచిన ఫ్రిజ్ నాలుగు గంటలదాకా చల్లగా ఉంటుంది. మిగిలిన కేకును ముందే వేరుగా తీసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో తినేయండి. ఫ్రిజ్ లేని ఇంట్లో గట్టి ఐసింగ్ కేకో, క్రీము లేని కేకో చెప్పించుకోవడం మేలు.

ఈ విషం కడుపులో పడితే అరగంటనుంచి ఎనిమిది గంటల లోపు వికారం, వాంతులు, కడుపునొప్పి, కొందరికి విరేచనాలు మొదలవుతాయి. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది. యాంటీబయోటిక్ ఈ విషంమీద పనిచేయదు, కనుక మందుల షాపులో అడిగి కొనకండి. ఓ.ఆర్.ఎస్. పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలో కలిపి, చెంచా చెంచాగా పట్టండి. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు ఆపవద్దు. నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గినా, కళ్ళు లోపలికి పోయినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, విరేచనంలో నెత్తురు కనబడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. గర్భిణులను, వృద్ధులను ఇంకా ముందే తీసుకురావాలి. వచ్చేటప్పుడు ఏమి తిన్నారో, ఎన్నింటికి తిన్నారో, ఇంట్లో ఇంకెవరు తిన్నారో చెప్పండి.